పక్క సీటు

పాసుల గొడవ పొద్దున్న కాఫీల దగ్గర మొదలై, మధ్యాహ్నం మగవాళ్ళు కొట్టు నుంచి భోజనానికి వచ్చే వేళకి కూడా తెమల్లేదు. ముందుగదిలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న పాపాయమ్మ, రెండు పాసులిచ్చినప్పుడు రెండూ వాడుకోవాలి గానీ ఒకటి వాడి ఒకటి చింపి పారేస్తారా అని నాలుగోసారి అంది. చిన్నకోడలు లావణ్య టేబులు మీద కంచాలు సర్దుతూ, మాటలర్థం కాని సినిమాకి వెళ్తే తలనొప్పి తప్ప ఏమొస్తుంది, నేను రానంటే రానని తేల్చి చెప్పింది. పెద్దకొడుకు గణేష్‌బాబు ఎవరి మాటా కాదనలేదు. కాళ్ళు కడుక్కొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు. ఊళ్ళో ఫిలిం సొసైటీ వాళ్ళు స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాల సినిమాలు తెప్పించి, ఒక హాల్లో అయిదు రోజులు పొద్దున్న పదింటికి వేస్తున్నారు. వాళ్ళు అచ్చేసిన పుస్తకం వెనక అట్ట మీద ఈ కొట్టు ప్రకటన ఉంది. ఆ మర్యాదకి అయిదు రోజులకీ చెల్లే రెండు పాసులు పంపారు.

"ఆ దేశాల్లో ఆర్నెల్లు పగలు, ఆర్నెల్లు రాత్రి వదినా. ఫస్ట్ షోకి వెళ్తే మళ్ళీ పుష్కరాలకే బయటికి రావడం" అన్నాడు చిన్నకొడుకు మురళీకృష్ణ.

అందరూ నవ్వారు. పెద్దకోడలు వెంకటదుర్గ నవ్వుతున్నట్టు ముఖం పెట్టి, చారు గిన్నె దించి, నేను వెళ్తానండీ అంది. ఆ మాట ఆమె పొద్దున్నుంచి అంటూనే ఉంది. ఆ గొడవలో పాసుల సంగతే తప్ప ఆమె సంగతి ఎవరికీ పట్టలేదు. సినిమాల వివరాలున్న కాగితాన్ని ఆమె పోపులడబ్బా కింద దాచుకుని నాలుగుసార్లు చదివింది. అందులోని ఇంగ్లీషు అర్థమవుతున్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది. బి.ఏ. పాసయి ఇరవై రెండేళ్ళు. ఆ తర్వాత ఆమె ఇంగ్లీషులో చదివినవి మందు సీసాల మీద చీటీలే.

వెళ్తే వెళ్ళనీ గానీ ఒక్కర్తీ ఎలా వెళ్తుందన్నది పాపాయమ్మ ప్రశ్న. ఆ ఇంటి ఆడవాళ్ళు హాలుకి ఒంటరిగా వెళ్ళరు. ఎప్పుడు వెళ్ళినా కొట్లో పనిచేసే సత్తియ్య ముందు వెళ్ళి టిక్కెట్లు తీసి, వీళ్ళని బాల్కనీలో కూర్చోబెట్టి, తను నేల టిక్కెట్టుకి పోతాడు. ఆట వదిలేసరికి రిక్షా మాట్లాడి గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. అందుకని చివరికి పాపాయమ్మే తీర్పు చెప్పింది. సత్తియ్యని పంపితే రెండో పాసు వాడినట్టూ ఉంటుంది, తోడూ ఉంటుంది.

పుష్కరాలు ఇంకా ఆరు నెలలే ఉన్నాయి, చెంబుల మీద పేర్లు ఎవరు చెక్కుతారని గణేష్‌బాబు గునిశాడు. కంప్యూటర్ మిషను కొంటే సత్తియ్య అవసరమే ఉండదని తను ఎప్పట్నుంచో చెప్తున్నానని మురళీకృష్ణ అందుకున్నాడు. మధ్యాహ్నానికల్లా కొట్లో ఉండాలన్న షరతు మీద గణేష్‌బాబు ఒప్పుకున్నాడు.

అంతలో సత్తియ్యే పెరటి గుమ్మంలోకి వచ్చాడు, కొట్లో మిగతా పనివాళ్ళకి క్యారేజీ తీసుకెళ్ళడానికి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. రోజూ కొవ్వూరు నుంచి పాసింజరు బండిలో వస్తాడు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఇచ్చే సామాన్ల మీద పేర్లు చెక్కడం అతని పని. కరెంటు మిషను కుడిచేత్తో పట్టుకుని, తల ఆ వైపే వంచి ముప్ఫై ఏళ్ళు చెక్కేసరికి ఆ రొదకి కుడిచెవి పూర్తిగా పోయింది.

మురళీకృష్ణ లేచి అతని కుడిపక్కకి వెళ్ళి మామూలు గొంతుతో, "సత్తియ్యా, నువ్వు పెద్ద గాడిదవి కదూ?" అన్నాడు.

"అలాగేనండి చినబాబుగారూ" అన్నాడు సత్తియ్య, పెదవులు కదలడం చూసి.

ఇది ఆ ఇంట్లో పాత ఆటే. పాపాయమ్మ చిక్కుడుకాయలు ఒళ్ళో పెట్టుకుని కదిలి కదిలి నవ్వింది. లావణ్య నవ్వింది. గణేష్‌బాబు అన్నం కలుపుతూ నవ్వాడు. వెంకటదుర్గ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళంతా నవ్వుతున్నారని సత్తియ్యా నవ్వి, క్యారేజీ పట్టుకుని వెళ్ళాడు.

గురువారం హాలు దగ్గర పద్ధతి మొదట్లోనే తిరగబడింది. నేల, బెంచి గేట్లకి తాళాలు వేసున్నాయి. వచ్చింది నలభై మందో యాభై మందో, అందరూ బాల్కనీలోనే. సత్తియ్య కాసేపు మెట్ల దగ్గర నిలబడ్డాడు. తర్వాత వెనక గోడకి ఆనుకున్న వరసలో ఒక మూల సర్దుకున్నాడు. వెంకటదుర్గ ముందు వరసల్లో, చుట్టూ ఎవరూ లేనిచోట కూర్చుంది.

సినిమాలో అంతా మంచు. ఒక ముసలాయన. పక్కింటి కుక్క మొరుగుతోందని మునిసిపాలిటీకి రోజూ ఫిర్యాదు రాస్తుంటాడు. రాసి, మడిచి, కోటు తొడుక్కుని వెళ్ళి, డబ్బాలో వేసి వస్తాడు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. కెమెరా కదలదు. మనుషులు కూర్చున్నచోట కూర్చునే ఉంటారు. కొంతసేపటికి కుక్క చచ్చిపోతుంది. ముసలాయన నాలుగు రోజులు కలం పట్టుకుని తెల్లకాగితం ముందు కూర్చుంటాడు. అయిదో రోజు కిటికీ తెరిచి, తనే మొరుగుతాడు. మొరిగి, కిటికీ మూసి, వచ్చి కూర్చుని ఫిర్యాదు రాస్తాడు.

మొదటి పావుగంట తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపే మాయమవుతుంటే వెంకటదుర్గకి చెమటలు పట్టాయి. తర్వాత కళ్ళకి అలవాటైంది. ముసలాయన మొరిగేసరికి ఆమెకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. చుట్టూ చూస్తే ఎవరూ నవ్వడం లేదు. సొసైటీ వాళ్ళు గడ్డాల కింద చేతులు పెట్టుకుని శ్రద్ధగా చూస్తున్నారు. ఆమె పెదవి కొరుక్కుంది. ఇంటర్వెల్లు కూడా ఇవ్వలేదు. సమోసాలవాడు పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

బయటికొచ్చాక సత్తియ్య, బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నానండి అన్నాడు. మనుషులు అంతసేపు కదలకపోతే రీలు ఇరుక్కుందని, ఆపరేటరు నిద్రపోతున్నాడని అనుకున్నాడట. తర్వాత కాస్త మొహమాటంగా అడిగాడు.

"ఆ ముసలాయన ఎందుకు మొరిగాడండి అమ్మగారూ?"

ఆమె అతని ఎడమవైపుకి వచ్చి, నడుస్తూ చెప్పింది. ఫిర్యాదుల సంగతి, కుక్క చావడం, తెల్లకాగితం. సత్తియ్య రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. "అయితే ఆయనకి పని పోయిందండీ" అని, సగం పళ్ళు లేని నోరు పూర్తిగా తెరిచి నవ్వాడు. వెనక రిక్షావాడు బెల్లు కొడుతున్నా కదల్లేదు. ఆమె కూడా హాల్లో ఆపుకున్న నవ్వంతా అక్కడ నవ్వింది. తను చూసింది సరిగ్గానే చూసిందన్నమాట.

ఇంట్లో, సినిమా ఎలా ఉందని అడిగింది కూతురు శ్రీదివ్య ఒక్కర్తే. ముసలాయన, మంచు, అని వెంకటదుర్గ మొదలుపెట్టేలోపు ఆ పిల్ల ట్యూషనుకి సైకిలు తీసింది.

శుక్రవారం ఆమే సత్తియ్యని ముందుకి రమ్మంది. అతను ఆమె వెనక వరసలో కూర్చున్నాడు. ఆమె తల వెనక్కి తిప్పి రెండు మూడు మాటలు చెప్పేసరికి మెడ పట్టేసింది. పైగా అతనికి వినపడాలంటే గొంతు పెంచాలి. ముందు వరస నుంచి ఎవరో ఉష్ అన్నారు.

"ఇలా వచ్చి కూర్చో" అంది, తన కుడిపక్క సీటు చూపించి.

"బాగోదండి అమ్మగారూ."

"నీ ఎడమచెవి నావైపు ఉంటుంది. మెల్లిగా చెప్పొచ్చు. రా."

అతను వచ్చి కుర్చీ అంచున, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు. చొక్కా మీద స్టీలు రజను మెరుస్తోంది. ఆమె కాస్త అటు వంగి, కింద అక్షరాలు పడ్డప్పుడల్లా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

ఒక ఆఫీసులో ముసలి గుమస్తా రిటైరవుతున్నాడు. సన్మానం చేస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఉపన్యాసాలు చదువుతారు, ఎవరికీ అతని పేరు సరిగ్గా తెలియదు. ఒక్కొక్కరూ ఒక్కో పేరుతో పొగుడుతారు. అతను ప్రతి పేరుకీ లేచి నమస్కారం పెడతాడు. చివరికి గోడగడియారం బహుమతిగా ఇస్తారు. దాని మీద ఇత్తడి రేకు. రేకు మీద ఇంకెవరిదో పేరు.

"పేరు తప్పు చెక్కారండి" అన్నాడు సత్తియ్య. చెవిటివాడి గొంతు, హాలంతా వినపడింది. తర్వాత నవ్వాడు. కుర్చీ చేతులు పట్టుకుని, ముందుకి వంగి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వాడు. ఆ నవ్వుకి వెంకటదుర్గ నవ్వు కూడా కట్ట తెగింది. ముందు వరసల్లో తలలు తిరిగాయి. వాటిలో ఫిలిం సొసైటీ సెక్రటరీ వెంకటరాజు మాస్టారి తల కూడా ఉంది.

నవ్వు తగ్గాక సత్తియ్య చొక్కా చివరతో మొహం తుడుచుకుని చెప్పాడు. కొత్తలో తనూ ఒక పెళ్ళి బిందె మీద వేరే వాళ్ళ పేరు చెక్కేశాడట. పెదబాబుగారి నాన్నగారు ఆ బిందె అతని చేత నెత్తిన మోయించి, కొట్టు ముందు పొద్దుగూకేదాకా నిలబెట్టారట. అది కూడా నవ్వుతూనే చెప్పాడు. ఆ సంగతి వెంకటదుర్గకి ఇంతవరకూ తెలీదు.

శనివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆమె చిన్న డబ్బాలో జంతికలు తెచ్చింది. ఆ రోజు సినిమాలో మంచులో ఇరుక్కుపోయిన పెళ్ళివారు, ఒకే ఒక్క పాట వచ్చిన బ్యాండువాళ్ళు. ఆమె ఇప్పుడు ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం మానేసి, పెళ్ళికూతురి మేనత్త చేత అచ్చం గోదావరి జిల్లా మేనత్తలా మాట్లాడిస్తోంది. అతను తెర వంక చూస్తూనే "తర్వాతండీ?" అంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె మొదలుపెట్టిన మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్ళు లేరు. ఇతను తరవాతి మాట కోసం మెడ చాచుకుని కూర్చుంటున్నాడు. ఆమె మంచి మాట దొరికితే ముందుగా తనే మురిసిపోయి, తర్వాత చెప్తోంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెకి ఒక చిత్రం జరిగింది. టేబులు చుట్టూ అందరూ నిటారుగా కూర్చున్నారు. ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు. ఉప్పు, అన్నాడు గణేష్‌బాబు. లావణ్య ఉప్పు జరిపింది. పాపాయమ్మ మజ్జిగ జుర్రుకుంది. గోడ మీద ఫాను టకటకమంది. కింద అక్షరాలు పడటమే తక్కువ. వెంకటదుర్గ గరిట పట్టుకుని నిలబడి ఒక్కర్తే నవ్వింది.

"వదినకి మంచుగాలి తగిలింది" అన్నాడు మురళీకృష్ణ. లావణ్య నవ్వలేదు. తోటికోడలి వంక కాసేపు తేరిపార చూసింది.

సాయంత్రం వెంకటరాజు మాస్టారు కొట్టుకి వచ్చాడు. మంచి మనిషే. మెచ్చుకోవడానికే వచ్చాడు. మా మెంబర్లందరికంటే మీ ఆవిడే బాగా ఆనందిస్తున్నారండీ గణేష్‌బాబుగారూ, ఆవిడా మీ గుమాస్తా పక్కపక్కన కూర్చుని, ఆయన చెవిలో ఆవిడ చెప్తూ, ఇద్దరూ ఒకటే నవ్వు, చూడముచ్చటగా ఉందండీ, సినిమా అంటే అలా చూడాలి అన్నాడు. కొట్లో నలుగురు బేరగాళ్ళున్నారు. ఒకాయన చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టి మరీ విన్నాడు. లోపల సత్తియ్య మిషను రొదలో ఉన్నాడు.

గణేష్‌బాబు ఆ రాత్రి ఇంట్లో ఏమీ అనలేదు. పొద్దున్న ఆమె బయల్దేరుతుంటే పేపరు మడిచి, ఏ రంగు చీర కట్టిందో మాత్రం చూశాడు.

ఆదివారం సినిమా సగంలో ఉండగా బాల్కనీ తలుపు తెరుచుకుని వెలుగు లోపలికి పడింది. తలుపు మూసుకోలేదు. వెంకటదుర్గ తిరిగి చూసింది. మురళీకృష్ణ. తలుపు సందులో నిలబడి, చేతులు కట్టుకుని, తెరని కాదు, వీళ్ళని చూస్తున్నాడు. ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. "తర్వాతండీ?" అన్నాడు సత్తియ్య. ఆమె చెప్పలేదు. తలుపు మూసుకున్నాక కూడా చెప్పలేదు. ఏం తప్పు మాట్లాడానోనని అతను మిగతా సినిమా అంతా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊరకే కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూత. రెండింటికి అందరూ టేబులు దగ్గర చేరారు. సత్తియ్యని వెళ్ళొద్దని చెప్పి పెరటి వసారాలో కూర్చోబెట్టారు. మామూలుగా ఆదివారం అక్కడే విస్తరేసి పెడతారు. ఆ రోజు ఇంకా పెట్టలేదు.

మురళీకృష్ణ తను చూసింది చెప్పాడు. చూసినదానికంటే ఎక్కువ చెప్పలేదు, అక్కర్లేకపోయింది. ఆవిడ అటు ఎంత వంగిందో తను లేచి వంగి చూపించాడు. శ్రీదివ్య తలదించుకుని కంచంలో గీతలు గీసింది. నాలుగు రోజుల్నుంచి తను చూస్తూనే ఉన్నానని, వంటింట్లో ఒంటరి నవ్వులని లావణ్య అంది. ముప్ఫై ఏళ్ళు నేల టిక్కెట్టులో కూర్చున్నవాడికి పక్క సీటు ఎలా కనపడిందంది పాపాయమ్మ. వాడేమన్నా కుర్రాడా, చెవిటిముండాకొడుకు, వాడిననేదేముంది అని కూడా తనే అంది. ఆ రెండో మాటకి మురళీకృష్ణ నవ్వాడు. వెంకటదుర్గకి చెంపలు మండాయి. పప్పు గిన్నె చేతిలోనే ఉంది.

గణేష్‌బాబు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు. బేరం చెడగొట్టుకోడు.

"నాకు దీన్ని పెద్దది చెయ్యాలని లేదు దుర్గా. ఒక్కటే అడుగుతాను. నువ్వు కూర్చోమన్నావా, వాడొచ్చి కూర్చున్నాడా?"

ఆమె నోరు తెరిచింది. అతను ఇంకా అయిపోలేదన్నట్టు వేలెత్తాడు.

"నువ్వు కూర్చోమనుంటే పనివాడి తప్పేం లేదు. వాడి పని వాడు చేసుకుంటాడు. నువ్వు మాత్రం ఇంక హాలు వైపు వెళ్ళేది లేదు. ఈ సినిమాలనే కాదు, ఏ సినిమాకీ. వాడంతట వాడే వచ్చి కూర్చునుంటే, రేపట్నుంచి వాడు రాడు. మురళి మిషను కొనుక్కుంటాడు. నీకేం అడ్డు లేదు. లావణ్యని తోడు తీసుకుని వెళ్ళి రేపటిది కూడా చూసుకో."

వాణ్ణే పిలిచి అడిగితే పోలా అంది పాపాయమ్మ. మురళీకృష్ణ వెళ్ళి భుజం తట్టి తీసుకొచ్చాడు. సత్తియ్య గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ చూశాడు. గణేష్‌బాబు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ప్రశ్న అర్థమయ్యాక సత్తియ్య మొహం తేటపడింది. ఏదో పెద్దదనుకుని భయపడినట్టున్నాడు.

"అమ్మగారినే అడగండి బాబుగారూ. అమ్మగారేం చెప్తే అదేనండి."

అందరూ ఆమె వంక తిరిగారు.

పోయిన చెవితో ఇంకో కొట్టువాడెవడూ అతన్ని పెట్టుకోడని ఆమెకి తెలుసు. కొవ్వూరులో అతని భార్య కాళ్ళ వాపులతో మంచం దిగదని తెలుసు. పోపులడబ్బా కింది కాగితంలో రేపటి సినిమా ఆ ముసలాయన సినిమా తీసిన మనిషిదేనని ఉందని కూడా తెలుసు. ఆ పేరు ఎలా పలకాలో నాలుగు రోజులుగా లోపల్లోపల అనుకుంటోంది. నేను కూర్చోమన్నానంటే, ఈ టేబులు, ఈ గరిట. ఇంక ఎన్నేళ్ళున్నాయో అన్నేళ్ళు. ఎవరూ ఆమెని తొందరపెట్టలేదు. గణేష్‌బాబు కూడా ఓపిగ్గానే కూర్చున్నాడు.

సత్తియ్య ఆమె పెదవులు కదిలేదాకా ఆమెనే చూస్తున్నాడు, హాల్లో అక్షరాలు పడ్డాక చూసినట్టు.

"నేను వద్దన్నాను" అంది వెంకటదుర్గ. "అతనే వచ్చి కూర్చున్నాడు."

పాపాయమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. శ్రీదివ్య తల్లి వంక తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. లావణ్య పెదవి విరిచింది. వినపడనట్టుందని మురళీకృష్ణ సత్తియ్య ఎడమపక్కకి వెళ్ళి, ఆమె అన్నమాట అక్షరం పొల్లుపోకుండా చెవిలో చెప్పాడు.

సత్తియ్య కాదనలేదు. ఆమె ఇంకేదో చెప్తుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అలవాటుగా గణేష్‌బాబుకీ పాపాయమ్మకీ దణ్ణం పెట్టి, ఆమెకి పెట్టాలో వద్దో తెలియక చేతులు సగంలో దించేసి, వసారాలోకి వెళ్ళాడు. చెప్పులు వేసుకోవడం కిటికీలోంచి కనపడింది. ఒకటి తొడుక్కుని, రెండోది ఎక్కడుందో కాసేపు వెతుక్కున్నాడు.

"విస్తరి వెయ్యనా?" అంది లావణ్య, ఎవరి వంకా చూడకుండా.

వెయ్యనక్కర్లేదని గణేష్‌బాబు చెప్పాడు.

వెంకటదుర్గ పప్పు గిన్నె తీసుకుని ఒక్కొక్కరికీ వడ్డించింది. అత్తగారికి, మరిదికి, కూతురికి. భర్త కంచంలో నెయ్యి వేసింది. తర్వాత తనకీ కంచం పెట్టుకుని, అందరూ తినడం మొదలుపెట్టాక, అందరికీ వినపడేటట్టు, గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు పదింటికి ఆట. లావణ్యా, తొమ్మిదిన్నరకల్లా తయారై ఉండు. పొద్దున్నే లేచి వంట చేసేస్తాను. మనం వెళ్తున్నాం."